మూకుడు పరీక్ష

విమానానికి బిగించిన ఆ అలారాన్ని తను నిజానికి పరీక్షించలేదన్న మాట శేషుకుమారి ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా పైకి అనుకోలేదు. పెదాల దాకా రానిస్తే అది నిజమైపోతుందేమోనని భయం. రెండు రోజులుగా ఆ మాటను గొంతులో దిగిన చేపముల్లులా మోసుకు తిరుగుతోంది. అన్నం ముద్ద పెట్టుకున్నా అదే, మంచినీళ్లు తాగినా అదే.

శనివారం పొద్దున అది మరీ గుచ్చుకుంది.

ఉతకడానికని పనిలో వేసుకునే ఏప్రన్ దులిపితే జేబులోంచి నల్లటి గొట్టం ముక్క ఒకటి రాలింది. చిటికెన వేలి గోరంత ముక్క. రెండు వైర్లను అతికాక ఆ అతుకు మీదికి దీన్ని జరిపి వేడిగాలి కొడితే, ముడుచుకుపోయి అతుకును గట్టిగా పట్టుకుంటుంది. విమానంలో ఇది లేని అతుకు ఒక్కటి కూడా ఉండకూడదు. గురువారం ఆ అలారానికి వైర్లు వేసేటప్పుడు ఆమె లెక్కపెట్టి మూడే ముక్కలు కోసింది. అతుకులు మూడు.

మరి ఇది జేబులో ఎందుకుంది?

శేషు అక్కడే, నీళ్ల పంపు దగ్గర, ఏప్రన్ చేతిలో పట్టుకుని నిలబడిపోయింది.

ఆమె పనిచేసేది చిన్న విమానాలకు మీటర్లు, అలారాలు బిగించే చోట. శనగ చేల మధ్య ఒక పొట్టి రన్‌వే, దాని పక్కన రేకుల షెడ్డు, షెడ్డులో ఇద్దరే మనుషులు. ఒకరు జిలానీ సాయిబు. ముప్పై ఏళ్లు వాయుసేనలో విమానాల మీటర్లు బాగుచేసి వచ్చిన మనిషి. అందరూ ఉస్తాద్ అంటారు. రెండో మనిషి శేషు. ఆళ్లగడ్డలో చిన్నాన్న కొట్లో మిక్సీలూ ఫ్యాన్లూ విప్పి బిగించి, ఫోన్లో వీడియోలు చూసి, తనంతట తనే పని నేర్చుకున్న పిల్ల. ఏ కాలేజీ గుమ్మమూ ఎక్కలేదు. మొదటిరోజు ఉస్తాద్ ఆమె అతికిన వైరును రెండు చేతులా పట్టి లాగాడు. తెగలేదు. "రేపట్నించి రా" అన్నాడు. అంతే ఇంటర్వ్యూ.

ఆ షెడ్డుకు ఒక పద్ధతి ఉంది. వైరు వేసిన మనిషి పరీక్ష చెయ్యకూడదు. శేషు వేస్తే ఉస్తాద్ పరీక్షిస్తాడు, ఉస్తాద్ వేస్తే శేషు.

"మనం చేసిన కూరలో ఉప్పు తక్కువైందని మనకెప్పుడన్నా అనిపిస్తుందా?" అంటాడాయన.

ఆ పరీక్ష కూడా ఉత్త బటన్ నొక్కి చూసేది కాదు. ఇంజిన్ మితిమీరి వేడెక్కితే మోగే అలారమే తీసుకోండి. దాని సెన్సారు బొటనవేలంత ఇత్తడి బుడిపె. ఇంజిన్‌లో కూర్చుని వేడి కనిపెడుతుంది. పైలట్ ఎదుట ప్యానెల్ మీద ఎర్ర లైటు, బజరు, వాటి పక్కన టెస్ట్ బటన్ ఉంటాయి. బటన్ నొక్కితే లైటు వెలుగుతుంది, బజరు మోగుతుంది. కానీ బటన్ వైరు ప్యానెల్ వెనకే ఒక చుట్టు తిరిగి వస్తుంది, ఇంజిన్ దాకా పోదు. సెన్సారు వైరు మధ్యలో తెగి ఉన్నా బటన్‌కు తెలీదు.

అందుకే ఉస్తాద్ సెన్సారును విప్పి, వైరుతో సహా బయటికి లాగి, స్టవ్ మీద మూకుడులో నూనె కాచి అందులో ముంచుతాడు. నూట పదిహేను డిగ్రీలకు అలారం దానంతటదే మోగాలి. మోగితేనే కాగితం మీద సంతకం. ఆ నూనె వాసనకు దారిన పోయే పైలట్లు షెడ్డులోకి తొంగిచూస్తారు.

"ఉస్తాద్, బజ్జీలు ఎన్నింటికి?"

"నూనె నాది. మిరపకాయలు నువ్వు పట్రా."

మూకుడు పెట్టినప్పుడల్లా ఇదే హాస్యం.

గురువారం నాడు మాత్రం ఉస్తాద్ లేడు. బావమరిది చనిపోతే జనాజాకని తెల్లారకముందే నంద్యాల పోయాడు. అవతలి జిల్లాలోని ఫ్లయింగ్ స్కూలు నుంచి ప్రభావతి మేడమ్ తమ రెండు సీట్ల విమానాన్ని తీసుకుపోవడానికి వచ్చి కూర్చుంది. ఆ స్కూల్లో పిల్లలకు విమానం నడపడం నేర్పేది ఆవిడే.

సాయంత్రం నాలుగున్నరకు శేషు వైరింగు ముగించి ప్యానెల్ బిగించింది. ఇప్పుడు సెన్సారు విప్పాలంటే ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లన్నీ దించాలి, మళ్లీ నింపాలి. రెండు గంటల పని. పైగా పరీక్షించాల్సింది ఉస్తాద్.

"ఇంకా ఎంతసేపు పిల్లా? చీకటి పడితే ఈ రన్‌వే మీంచి నేను లేవలేను" అంది ప్రభావతి మేడమ్ వాచీ చూసుకుంటూ.

"అయిపోయింది మేడమ్" అంటూ శేషు బటన్ నొక్కింది. లైటు ఎర్రగా వెలిగింది. బజరు షెడ్డంతా మోగింది.

ప్రభావతి మేడమ్ చప్పట్లు కొట్టింది. "అబ్బో! డిప్లొమాలు చేసినవాళ్లు నన్ను వారాల తరబడి తిప్పుతారు. ఒక్కరోజులో తేల్చేశావే! ఎక్కడ నేర్చుకున్నావే ఇదంతా?"

"ఎక్కడా లేదు మేడమ్. నాకు నేనే."

ఆ మాట అనేశాక, ఆ చప్పట్లు విన్నాక, 'ఆగండి, ఇది అసలు పరీక్ష కాదు' అనడానికి శేషుకు నోరు పెగల్లేదు.

సంతకం కోసం కూర్చుని ఉండగా ఐదున్నరకు ఉస్తాద్ వచ్చాడు. కళ్లు ఎర్రబారి ఉన్నాయి. గోళ్లలో ఇంకా సమాధి మట్టి ఉంది. కాగితాలు విమానం రెక్క మీద పరిచి ఉన్నాయి.

"మూకుడు పెట్టినావా బేటీ?"

"పెట్టినా ఉస్తాద్."

ఆయన ఆమె మొహంలోకి ఒక్కసారి చూశాడు. వేసిన మనిషే పరీక్షించకూడదన్న తన పద్ధతిని ఆ రోజు తనే పక్కన పెట్టాడు. పెన్ను తీసి సంతకం చేశాడు. పది నిమిషాల్లో విమానం పడమటికి తిరిగి చుక్కంతై కనిపించకుండా పోయింది.

అలసిపోయి వచ్చిన మనిషిని ఇబ్బంది పెట్టడం ఎందుకని అలా చెప్పానని శేషు ఆ రాత్రి తనకు తను నచ్చజెప్పుకుంది. శుక్రవారం కూడా అదే చెప్పుకుంది. వైరింగు ఎలాగూ బాగానే ఉంది, పరీక్ష ఒక తంతు మాత్రమే అనుకుంది. ఇప్పుడీ నల్ల ముక్క.

మూడో అతుకు ఎక్కడో ఆమెకు బాగా తెలుసు. దాని దగ్గర ఏం చేసిందో కూడా తెలుసు. రెండు రాగి కొసలను మెలిపెట్టింది. కాస్త పట్టి ఉండటానికే ఆ మెలి, తర్వాత అతుకుదామని. సోల్డరింగ్ ఐరన్ వేడికి పెట్టింది. అప్పుడు ప్రభావతి మేడమ్ "శేషూ, ఒక ఫోటో దిగుదాం రా!" అని పిలిచింది. వెళ్లింది. దిగింది. తిరిగి వచ్చాక?

తిరిగి వచ్చాక అతికినట్టే గుర్తు. కాదు, అతకాలని అనుకున్నట్టు గుర్తు. ఆ తర్వాత ప్యానెల్ స్క్రూలు బిగించడం గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు.

షెడ్డుకు వచ్చి ఫోన్ తెరిస్తే వాట్సాప్ గ్రూపులో ప్రభావతి మేడమ్ పెట్టిన ఫోటో. ఆ విమానం పక్కనే నిలబడి, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్న సన్నటి అమ్మాయి. కింద రాసి ఉంది: 'మా ఇందుమతి ఈరోజు సాయంత్రం నాలుగింటికి మొదటిసారి ఒంటరిగా ఎగరబోతోంది. అందరూ ఆశీర్వదించండి. కొత్త అలారం మన శేషుకుమారి చేతి పని!' దాని కింద వరసగా దండాలు, పువ్వులు, బొటనవేళ్లు.

మే నెల. బయట నలభై మూడు డిగ్రీలు. ఇలాంటి ఎండలో ఇంజిన్ వేడెక్కడం పెద్ద వింత కాదు. అలారం మోగితే కొత్తపిల్ల అయినా వెంటనే దిగిపోతుంది. మోగకపోతే అంతా బాగుందనే అనుకుంటుంది.

శేషు మధ్యాహ్నం దాకా నాలుగుసార్లు ఫోన్ తీసి నాలుగుసార్లు జేబులో పెట్టేసింది. ఒకటి దాటుతుండగా ఇక ఉండలేక ఉస్తాద్ బల్ల దగ్గరికి వచ్చింది. ఆయన వేరే విమానాల కోసం చేసిన రెండు ప్యానెళ్లను ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఉస్తాద్, ఒక డౌటు."

"అడుగు."

"బటన్ నొక్కితే లైటూ వచ్చింది, బజరూ వచ్చింది అనుకోండి. అప్పుడు నూటికి తొంభై తొమ్మిది వంతులు వైరింగు బాగున్నట్టే కదా?"

ఉస్తాద్ కళ్లద్దాలు నుదుటి మీదికి తోశాడు. "ఏ విమానం?"

"ఏదీ లేదు. ఊరికే అడుగుతున్నా."

"ఊరికేనా?"

"ఊరికే."

"సరే. ఆ మూకుడు దించు."

మూకుడు గోడకు, మేకుకు వేలాడుతోంది. శేషు చెయ్యి దాని దాకా పోయి ఒక్క క్షణం ఆగింది. తీసి ఆయనకు ఇచ్చింది. ఉస్తాద్ లోపల చూపుడువేలు పెట్టి అడుగున ఒక గీత గీశాడు. ఎప్పటిదో నూనె జిడ్డు మీద దుమ్ము మందంగా పేరుకుని ఉంది. గీత స్పష్టంగా పడింది. ఆయన ఆ వేలిని చూసుకున్నాడు. భుజం మీది తువ్వాలుకు తుడుచుకున్నాడు.

తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది.

"కడుక్కురా" అన్నాడు.

ఆమె పంపు దగ్గర మూకుడును జిడ్డు పోయేదాకా రెండుసార్లు తోమింది. తిరిగి వచ్చేసరికి ప్యానెళ్లు రెండూ పక్కపక్కన నిలబెట్టి ఉన్నాయి. రెండింటికీ ఎర్ర లైటు, బజరు, బటన్. రెండింటి వెనక నుంచీ బారెడు వైరు, వైరు కొసన ఇత్తడి సెన్సారు. కవలపిల్లల్లా ఉన్నాయి.

"ఈ రెండిట్లో ఏది బాగుందో చెప్పు."

శేషు వేలు దానంతటదే మొదటి బటన్ మీదికి పోయింది. లైటు, బజరు. రెండో బటన్. లైటు, బజరు.

"రెండూ బాగున్నాయి ఉస్తాద్."

అనేసింది. అన్న మరుక్షణం మొహంలోకి వేడి ఎగదన్నింది. ఆయన స్టవ్ వెలిగించి, మూకుడు పెట్టి, సీసాలోంచి నూనె వంచాడు. రెండు సెన్సార్లనూ అందులోకి దించాడు. పక్కన వేడి కొలిచే ముల్లు మీటరు పెట్టి, స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

ఇద్దరూ ముల్లును చూస్తూ ఉన్నారు. యాభై. డెబ్బై. షెడ్డు రేకులు ఎండకు టకటకమంటున్నాయి. తొంభై. శేషు గోడ గడియారం వైపు చూసింది. ఒకటీ ఇరవై. మళ్లీ ముల్లు. నూట అయిదు. నూట పది.

నూట పదిహేనుకు ఎడమవైపు ప్యానెల్ గొంతు చించుకుని అరిచింది. లైటు రక్తంలా వెలిగింది.

కుడివైపుది ఊరుకుంది.

నూట ఇరవై. కుడివైపుది ఊరుకునే ఉంది. నూట ముప్పై. నూనె అంచుల్లో సన్నగా కదులుతోంది. ఆ ప్యానెల్ తుడిచిపెట్టినట్టు శుభ్రంగా, నిమ్మళంగా, పక్కన ఇంత గోల జరుగుతుంటే తనకేమీ పట్టనట్టు కూర్చుని ఉంది. శేషు చూపు దాని మీంచి కదల్లేదు.

రన్‌వే వైపు నుంచి ఎవరో కేకేశారు. "ఉస్తాద్! బజ్జీలా?"

బజరు మోగుతూనే ఉంది. ఉస్తాద్ స్టవ్ ఆపలేదు, బజరూ ఆపలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. శేషు చెవులు మూసుకోబోయి మానుకుంది.

"ఆపండి ఉస్తాద్" అంది చివరికి.

"దేన్ని?"

ఉస్తాద్ లేచి కుడివైపు ప్యానెల్‌ను మెల్లగా వెనక్కి తిప్పి చూపించాడు. సెన్సారు వైరు టేపు కింద బిగించి ఉంది, చూడ్డానికి ఎంతో పొందిగ్గా. టేపు ఊడదీస్తే వైరు కొసకూ దాన్ని బిగించాల్సిన స్క్రూకూ మధ్య అంగుళం ఖాళీ. ఆయన టేపు మళ్లీ అంటించి, ప్యానెల్‌ను ఎప్పట్లా ముందుకు తిప్పాడు. అప్పుడు స్టవ్ ఆపాడు.

"ఆ పిల్ల నాలుగింటికి ఎగురుతుందంట. గ్రూపులో చూసినా" అన్నాడు.

"ఉస్తాద్... దాని మీద మీ సంతకం ఉంది" అంది శేషు. "నేను చెప్తే మీ లైసెన్సు కూడా..."

"సంతకం నాదే. అడిగితే నాదేనని చెప్తా. చూడకుండా పెట్టింది కూడా నేనే."

గోడ మేకు నుంచి టోపీ తీసుకున్నాడు. బల్ల కింది చాప చంకలో పెట్టుకున్నాడు.

"నమాజు చేసుకొస్తా. పావుగంట పడుతుంది. వచ్చినాక నేనే మేడమ్‌కు ఫోన్ చేసి విమానం ఆపమంటా."

శేషు తలెత్తింది. ఒక్క క్షణం గుండెల మీంచి బండ దించినట్టయింది. ఆయన చేస్తారు. తను చెయ్యక్కర్లేదు.

ఉస్తాద్ గుమ్మం దగ్గర ఆగాడు.

"ఆపమని నేను చెప్పగలను బేటీ. వైరు ఏ చోట వదిలినావో నాకు తెలీదు."

ఆయన వేపచెట్టు నీడకు వెళ్లి చాప పరిచాడు.

షెడ్డులో శేషు ఒక్కతే మిగిలింది. ముల్లు మెల్లగా దిగుతోంది. నూట ఇరవై. నూట పదహారు. బజరు ఉన్నట్టుండి ఆగింది. ఆ నిశ్శబ్దం మోత కంటే భయంగా ఉంది.

చెప్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. మొదట ప్రభావతి మేడమ్ 'అంటే ఆ రోజు నా మొహాన్నే అబద్ధం చెప్పావా?' అంటుంది. ఆ ఫోటో గ్రూపులోంచి తీసేస్తారు. తీసేశారని అందరూ చూస్తారు. చదువుకోని దాన్ని విమానం దగ్గరికి ఎవరు రానిచ్చారని అడుగుతారు. మళ్లీ చిన్నాన్న కొట్టు, మళ్లీ మిక్సీలు. ఉస్తాద్ ఈ వయసులో ఎవరి ముందో నిలబడి సంజాయిషీ చెప్పుకుంటాడు.

చెప్పకపోతే? ఉస్తాద్ ఎలాగూ ఆపిస్తాడు. అక్కడివాళ్లు ఇంజిన్ విప్పి వెతుకుతారు. ఏం వెతుకుతారు? మెలిపెట్టిన కొసలు చూడ్డానికి అతికినట్టే ఉంటాయి. నీళ్ల గొట్టం వెనక కన్ను పడని చోటు. పైకి అంతా బాగుందంటారు. బటన్ నొక్కుతారు. లైటు వస్తుంది. బజరు వస్తుంది. చప్పట్లు కొడతారు.

శేషు స్టూలు మీంచి లేచింది.

ఇంజిన్ వెనక రేకు. కుడివైపు. నీళ్ల గొట్టం వెనకాల. మూడో అతుకు. చెయ్యి మణికట్టు దాకా పెట్టి పైకి తిప్పితే వేలికి తగులుతుంది. లోకంలో ఈ సంగతి తెలిసిన మనిషి తనొక్కతే.

ఎలా మొదలుపెట్టాలో మనసులో కూర్చుకుంది. 'మేడమ్, ఒక చిన్న డౌటు.' చిన్నదీ కాదు, డౌటూ కాదు. 'ఆ రోజు ఉస్తాద్ లేరు కదా, అందుకని...' ఛీ. 'మీరు తొందరపడుతుంటే...' అదీ వద్దు. ఒక్కో వాక్యాన్నీ కొట్టేస్తూ పోతే చివరికి రెండు మాటలు మిగిలాయి. విమానాన్ని లేపకండి. నేను పరీక్షించలేదు. మిగతావి వాళ్లు అడిగినన్నీ చెప్పొచ్చు.

ఒకటీ ముప్పై ఐదు. చెట్టు కింద ఉస్తాద్ నుదురు నేలకు ఆన్చి ఉన్నాడు. ఆయన లేచేదాకా ఆగితే ఆయన చేస్తాడు, తను పక్కన నిలబడి తలూపవచ్చు.

వద్దు, తనే చెయ్యాలి. ఆయన లేవకముందే.

శేషు ఫోన్ తీసి, ప్రభావతి మేడమ్ నంబరు వెతుక్కుంటూ, సిగ్నల్ బాగా అందే చోటికి, ఎండలోకి నడిచింది.